స్టైపెండ్ గారికి ఒక హౌస్‌సర్జన్ రాయు ఉత్తరం

మహారాజశ్రీ స్టైపెండ్ గారి దివ్య సముఖమునకు,

ఎంబీబీఎస్ చివర ఏడాది పాటు సర్కారు ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ, నెలనెలా తమరి కోసం చూసే మీ హౌస్‌సర్జన్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. తమరు ఎక్కడ ఉన్నారో తెలిస్తే తమ క్షేమం కూడా కనుక్కుందును.

తమ దర్శనమై మూడు నెలలైంది. కాగితం మీద మాత్రం బాగానే ఒళ్ళు చేశారు. 2025లో మిమ్మల్ని నెలకు 25,906 నుంచి 29,792కు పెంచారని పేపర్లో చదివి మా నాన్న ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు. పదిహేను శాతం! రానిదానికి పదిహేను శాతం కలిపితే ఎంతవుతుందో తేల్చుకుందామని కూర్చున్నాను గానీ, ఇంటర్లో బైపీసీ తీసుకున్నవాణ్ణి, లెక్కలు అంతంత మాత్రం. భాగహారం మాత్రం వచ్చు. రోజుకు వెయ్యికి ఏడు రూపాయలు తక్కువ. క్యాజువాల్టీలో ఇరవై నాలుగు గంటలు నిలబడ్డ రోజు కూడా అంతే. ఆ ఏడు రూపాయలు నేనే వేసుకుంటాను, తమరు దయచేస్తే చాలు.

మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. ‘క్రెడిటెడ్’ అన్న మాట కనబడగానే మంచం మీద లేచి కూర్చున్నాను. సేవింగ్స్ ఖాతా మీద వడ్డీ. పదకొండు రూపాయలు.

అందుకని నిన్న డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, తమరిని వెతుక్కుంటూ మా బిల్లులు చూసే సెక్షన్‌కు వెళ్ళాను. కుర్చీ మీద తువ్వాలు ఉంది, మనిషి లేడు. లంచ్ అన్నారు. లంచ్ రెండు నుంచి మూడున్నర దాకా నడిచింది. వచ్చినాయన చాలా మర్యాదస్తుడు, ఆ మాట కాదనను. ‘బిల్లు పెట్టినం సార్. టోకెన్ గూడ పడ్డది. ఇగ బడ్జెట్ రిలీజ్ కావుడే’ అన్నాడు. టోకెన్ అంటే ట్రెజరీలో బిల్లుకు పడే నంబరు. పోయిన నెల కూడా ఇదే మాట. కాకపోతే అప్పుడు టోకెన్ పడలేదు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో ఒక సున్నా ‘ఓ’ అయిందట, అందరి బిల్లూ వెనక్కి వచ్చిందట. అంతకు ముందు నెల ఒక డిపార్ట్‌మెంట్ నుంచి హాజరు పట్టీ మీద సంతకం రాలేదు, పెట్టాల్సిన మేడమ్ సెలవులో ఉన్నారు. ఇంత సుకుమారంగా ప్రయాణం చేసేది ఈ ఊళ్ళో తమరొక్కరే. ట్రెజరీ గడప దాటడానికి ముహూర్తం కుదరాలి, తుమ్ము వినబడకూడదు.

తమరిని జీతాల్లాగా గ్రీన్ ఛానెల్‌లో, అంటే ఎక్కడా ఆగకుండా నెలనెలా వచ్చే దారిలో, పెట్టాలని 2024 జూన్‌లో జూడాలు (జూనియర్ డాక్టర్లు) సమ్మె చేశారు. అదే సమ్మెలో ఉస్మానియా ఆసుపత్రికి కొత్త భవనం కూడా అడిగారు. దానికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన అయినా జరిగింది. మీకు కొబ్బరికాయ కొట్టాలంటే ఏ మూల కొట్టాలో కూడా మాకు తెలియదు.

మా రూమ్మేట్‌ది ప్రైవేటు కాలేజీ. వాడి ఖాతాలో తమరు ఠంచనుగా పడతారు. ఏటీఎం కార్డు మాత్రం కాలేజీ వాళ్ళ దగ్గర ఉంటుంది, కాబట్టి అంతే ఠంచనుగా వెళ్ళిపోతారు. స్టైపెండ్ ఇవ్వాలని జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) నిబంధన ఉంది కదా అంటే, ‘ఇచ్చారుగా, స్టేట్‌మెంట్ చూపిస్తా రా’ అని వాడే నవ్వుతాడు. వాడికంటే నేను నయం. నావి ఇంకా ఆశలే.

పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీ పరీక్షకు ఫీజు కట్టాలి. దానికి ఆఖరు తేదీ ఉంటుంది. నారాయణగూడ రూమ్ అద్దెకూ ఉంటుంది, ఓనరమ్మకు టోకెన్ పడటం గురించి చెప్పి చూశాను. తేదీ లేనివారు తమరొక్కరే.

తమ అన్నగారు ఆరోగ్యశ్రీ బకాయి గారిని కూడా అడిగానని చెప్పండి. 2023 డిసెంబరులో కార్డు మీద ఉచిత వైద్యం పరిమితిని ఐదు లక్షల నుంచి పది లక్షలు చేశారు, సంతోషం. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలు ఆపేశాయి. ఆపితే ఆ రోగులు ఎక్కడికి వస్తారు? ఎవరి దగ్గరికి వస్తారు? జేబులో పదకొండు రూపాయల వడ్డీ పెట్టుకుని నిలబడ్డ నా లాంటి వాడి దగ్గరికే.

ఇక అసలు సంగతి. సెక్షన్ నుంచి బయటికి వస్తుంటే మెట్ల మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పరిగి అవతల ఊరు. వాళ్ళ ఆవిడ మా వార్డులోనే, ఒళ్ళంతా వాపు. పొద్దున్నుంచీ చీటీ పట్టుకుని తిరిగితే స్కాన్‌కు పద్దెనిమిది రోజుల తర్వాత తేదీ పడింది. ‘డిశ్చార్జి చేసి మళ్ల రమ్మంటున్నరు సారూ. దానికైతే బస్సు ఫ్రీ, టికెట్ నాకే. బయట తీపిస్తే ఎంతయితది?’ అన్నాడు. చెప్పాను. లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి నోట్లు లెక్కపెట్టుకున్నాడు, మళ్ళీ మడిచి లోపల పెట్టుకున్నాడు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ‘రా పెద్దాయనా, చాయ్ తాగుదాం’ అన్నాను.

ఎదురుగా ఇరానీ హోటల్. రెండు చాయ్‌లు, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు. ఆసుపత్రిలో రోగుల కోసమే ఆ బిస్కెట్ పుట్టిందని ఈ ఊళ్ళో ఒక కథ చెప్పుకుంటారు. బిల్లు అరవై. ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాను. పిన్ కొట్టాను. ఫోన్ ఎర్రగా మారింది. ఖాతాలో తగినంత సొమ్ము లేదట. మెడలో స్టెతస్కోపు, వెనక క్యూలో నలుగురు. నేను ఫోన్‌ను అటూ ఇటూ తిప్పుతుంటే పెద్దాయన మళ్ళీ ఆ కవరు తీశాడు. నేను వద్దు వద్దంటుండగానే ఇచ్చేశాడు. ‘నీ పానం గూడ గట్లనే ఉన్నదా బిడ్డా’ అన్నాడు. వార్డులో సారూ అనేవాడు. అరవై రూపాయలతో బిడ్డనయ్యాను.

ఇంక గారూ తమరూ నా వల్ల కాదు. నువ్వు రాకపోతే నేను చాయ్ మానేస్తాను, రెండు పూటలు ఒక పూట చేసుకుంటాను, నాన్న దగ్గర ఇంకో ఐదు వేలు అడిగి తిట్లు తింటాను. నా సంగతి నేను చూసుకోగలను. కానీ మా యూనిట్ వాళ్ళకు వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉందని నీకు తెలుసా? వార్డులో ఎవరికైనా బయటి మందు కావాల్సి వచ్చినా, రక్తం శాంపిల్ బయటి ల్యాబ్‌కు పంపాల్సి వచ్చినా, ఎవరో ఒకరు బెడ్ నంబరు పెడతారు, తలా వంద వేస్తాం. అంతే, ఎవరికీ చెప్పుకోం. ఈ మూడు నెలల్లో ఆ గ్రూపులో ఎవరూ నోరు విప్పట్లేదు. పోయిన వారం ఎవరో ‘బెడ్ 14’ అని పెట్టి, రెండు నిమిషాలకు డిలీట్ చేశారు. చూసిన వాళ్ళమందరం చూడనట్టు ఊరుకున్నాం. నేను కూడా. నీ టోకెన్ నంబరు ఎంతైనా కానీ, అది మాత్రం నేను మర్చిపోను.

పెద్దాయన భార్యకు గురువారం డిశ్చార్జి. వాళ్ళు పొద్దున పదకొండు బస్సుకు వెళ్ళిపోతారు. బుధవారం రాత్రికల్లా రా. ఆయనకు నేను అరవై రూపాయలు ఇవ్వాలి.

ఇట్లు,
నీ రాకకై ఎదురుచూసే
హౌస్‌సర్జన్

తా.క.: ఆ పదకొండు రూపాయలు అలాగే ఉన్నాయి, ముట్టుకోలేదు. నలభై తొమ్మిది వచ్చినా చాలు.