ఎర్ర నక్షత్రం మసకబారితే పేలిపోతుందా?

2019 చివర్లో ఆర్ద్ర (బీటెల్‌జ్యూస్) మసకబారినప్పటి నుంచి వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతూనే ఉంది: "ఎర్ర నక్షత్రం వెలుగు తగ్గిందంటే దాని పని అయిపోయినట్టే, ఇక సూపర్‌నోవానే." రుజువుగా ఏళ్ల తేడాతో తీసిన రెండు ఫొటోలు. ఉత్తర ధ్రువం వైపు సెఫియస్ మండలంలో ఉన్న టి సెఫై అనే రెడ్ జెయింట్ (వయసు మళ్లి ఉబ్బిన ఎర్ర నక్షత్రం) ఒక్కటి చాలు, ఈ వాదన తేలిపోవడానికి.

"తగ్గితే పేలుతుంది." టి సెఫై వెలుగు 5.2 మ్యాగ్నిట్యూడ్ నుంచి 11.3 దాకా పడిపోతుంది (ఈ కొలతలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ), అంటే దాదాపు 275 రెట్లు. సుమారు 388 రోజులకోసారి మళ్లీ వెలుగుతుంది. 19వ శతాబ్దం చివరి నుంచి వందసార్లకు పైగా ఇదే తంతు.

"తగ్గిందంటే శక్తి అయిపోయింది." కాదు. నక్షత్రం ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటుంది. పైపొరలు చల్లబడ్డప్పుడు అక్కడ టైటానియం ఆక్సైడ్ ఏర్పడి కంటికి కనిపించే కాంతిని మింగేస్తుంది. శక్తిలో ఎక్కువ భాగం ఇన్‌ఫ్రారెడ్‌లో బయటికి పోతూనే ఉంటుంది.

"ఎర్రవన్నీ ఒకటే." సూపర్‌నోవాగా కూలడానికి పుట్టుకలోనే సూర్యుడికి కనీసం ఎనిమిది రెట్ల ద్రవ్యరాశి ఉండాలి. టి సెఫై లాంటివి పైపొరలు వదిలేసి తెల్ల మరుగుజ్జులవుతాయి, అంటే చిన్న, దట్టమైన నక్షత్ర శేషాలు. ఆర్ద్ర అంతకంటే చాలా బరువైన సూపర్‌జెయింట్, నిజమే. అదీ 2020 ఫిబ్రవరిలో 1.6 మ్యాగ్నిట్యూడ్ దాకా దిగి, కొన్ని నెలల్లోనే కోలుకుంది. అడ్డొచ్చింది ధూళి మేఘం.

"ఫొటోలున్నాయిగా!" ఇక్కడే అసలు తిరకాసు. టి సెఫై ఆవర్తనం, అంటే ఒకసారి వెలిగాక మళ్లీ వెలగడానికి పట్టే కాలం, ఏడాదికంటే 23 రోజులు ఎక్కువ. కాబట్టి ఎనిమిదేళ్ల తేడాతో ఒకే తేదీన ఫొటో తీస్తే మధ్యలో ఏడున్నర ఆవర్తనాలు గడుస్తాయి: ఒకదాంట్లో నక్షత్రం ఉంటుంది, రెండోదాంట్లో దాదాపు మాయం.

సొంతంగా చూసుకోవచ్చు. అక్టోబరు మొదట్లో రాత్రి తొమ్మిదింటికి హైదరాబాద్ నుంచి టి సెఫై ఉత్తరాన సుమారు 39 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అదే మండలంలోని బీటా సెఫై నక్షత్రానికి రెండున్నర డిగ్రీల పైచిలుకు దూరంలో. ఏఏవీఎస్‌ఓ (వెలుగు మారే నక్షత్రాలను గమనించేవారి అమెరికా సంఘం) చార్టులో ఒక నక్షత్రం పక్కన 68 అని ఉంటే దాని మ్యాగ్నిట్యూడ్ 6.8 అని చదవాలి. చుక్కను నక్షత్రమని పొరబడతారని దశాంశ బిందువు పెట్టరు. చార్టులోని నక్షత్రాల్లో టి సెఫై కంటే కాస్త ప్రకాశవంతమైనదొకటి, కాస్త మసకదొకటి ఎంచుకుని వాటి వెలుగుల మధ్య అది ఎక్కడుందో అంచనా కట్టండి. పది రోజులకోసారి చూస్తే సరిపోతుంది. వెలుగు బాగా ఉన్నప్పుడు 50 మి.మీ. బైనాక్యులర్స్ చాలు, అట్టడుగున ఉన్నప్పుడు ఆరంగుళాల టెలిస్కోప్ కావాలి. ఎర్ర నక్షత్రాన్ని గుచ్చిగుచ్చి చూస్తే ఉన్నదానికంటే ప్రకాశవంతంగా కనిపిస్తుంది. ఫోకస్ కొంచెం చెదరగొట్టి, చప్పున చూసి చూపు తిప్పేయాలి.