మహారాజశ్రీ ఆర్‌వీ ఓవెన్ గారికి

అయ్యా,

నమస్కరించి రాయునది ఏమనగా, నిన్నటి మా థాంక్స్‌గివింగ్ విందు తమరి చలవ వల్ల అర్ధరాత్రి దాటాక మొదలైంది. ఈ పండగ నవంబర్ నాలుగో గురువారమే అని 1941లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. అంతకు ముందు 1939లో రూజ్‌వెల్ట్ అంతటివాడు దాన్ని ఓ వారం ముందుకు జరిపి జనం చేత నానా మాటలూ అనిపించుకున్నాడు. ఆయన కూడా గురువారం జోలికి పోలేదు. పండగ భోజనాన్ని శుక్రవారంలోకి నెట్టిన ఘనత తమరిదే.

మంచం, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉండే ఈ ఆర్‌వీ బండిని అద్దెకిచ్చినవాళ్లు తమరి గురించి ‘పూర్తి వంటగది’ అని గొప్పగా రాసుకున్నారు. ఫోటోలో తమరి నెత్తిన నిమ్మకాయల గిన్నె కూడా ఉంది. దిష్టి తగలకుండా కాబోలు.

దారి పొడవునా తమరి గాత్రం విన్నాం. లోపలి ఇనప చట్రం, పైనున్న పొయ్యి గ్రేటు కలిసి పాడిన గలగలకి బేకర్స్‌ఫీల్డ్ దాటేసరికి అమ్మ తన శాలువా తీసి, “ముందు దాని నోట్లో ఇది కుక్కరా” అంది. టెహచపి కొండెక్కుతుంటే అలమర తలుపు దానంతటదే తెరుచుకుని కందిపప్పు డబ్బా ఊడిపడిన సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను. పక్కకి వాలి నిలబడితే చల్లబడనని మొరాయించే ఫ్రిజ్‌కి కూడా ఒక ఉత్తరం బాకీ ఉంది.

ఇక తమర్ని వెలిగించే కార్యక్రమం. నాబ్‌ని పైలట్ (ఓవెన్‌ని అంటించే చిన్న మంట) గుర్తు దగ్గరికి తిప్పి, ఒక చేత్తో నొక్కి పట్టుకోవాలి. రెండో చేత్తో పొడుగాటి లైటర్‌ని అడుగున, వెనక మూలకంటా దూర్చాలి. లోపల చీకటి కాబట్టి టార్చి లైటు నోట్లో కరుచుకోవాలి. ఇదంతా నేల మీద బోర్లా పడుకుని చెయ్యాలి. ఆ పడుకునే నేల బండి మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క దారి. తల తమరి గర్భగుడిలో, కాళ్లు బాత్రూమ్ తలుపుకి అడ్డం. ఇంతలో మావాడు “నాన్నా, అర్జెంట్” అంటూ నా నడుం మీదుగా దాటుకుని వెళ్లాడు. “ఇన్ని సాష్టాంగాలు ఆ వెంకన్నకి పెట్టి ఉంటే ఈపాటికి గ్రీన్‌కార్డు వచ్చేది” అంది అమ్మ.

చివరికి గోరంత నీలం మంట కనబడింది. వేలు వదిలాను. ఆరిపోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ వెలిగింది, మెల్లిగా వదిలాను, మళ్లీ ఆరిపోయింది. పైలట్ వేడెక్కేదాకా నాబ్ వదలకూడదట. ఎంతసేపు? వేలు మొద్దుబారేంతసేపు.

ఇంతవరకూ గౌరవంగానే రాశాను. ఇక మీదట నా వల్ల కాదు.

ఏమిటయ్యా నీ సంగతి? మనం దిగిన చోటు ఏదో తెలుసా? డెత్ వ్యాలీలో ఫర్నేస్ క్రీక్. 1913 జులై 10న 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది ఇక్కడే. భూమ్మీద ఇప్పటిదాకా అధికారికంగా కొలిచిన అత్యధిక ఉష్ణోగ్రత అదే. ఇక్కడ రాళ్లు వేడెక్కుతాయి, ఇసుక వేడెక్కుతుంది, తారు రోడ్డు వేడెక్కుతుంది. ఓవెన్‌గా పుట్టి, ఓవెన్‌గా అమ్ముడుపోయి, ఓవెన్ అని నుదుట రాయించుకున్న నువ్వు మాత్రం వేడెక్కవు. నీ డయల్ మీద 350 పెట్టి, లోపల నా థర్మామీటర్ వేలాడదీస్తే అది 240 దగ్గర కునుకు తీసింది. పైకి తిప్పితే కదల్లేదు. ఇంకాస్త తిప్పితే ఒక్కసారిగా 450కి ఎగిరింది. ఆ డయల్‌కీ నీ కడుపులో మంటకీ అసలు చుట్టరికం ఉందా? దానిమీద అంకెలు అందానికి అచ్చేశారా?

సాకులు చెప్పకు. ఎత్తైన కొండ, గాలి పలచన అంటావేమో, మనం ఉన్నది సముద్రమట్టానికి 190 అడుగుల దిగువన. చలికి గ్యాసు గడ్డకట్టిందంటావేమో, ప్రొపేన్ మైనస్ 44 ఫారెన్‌హీట్ దాకా ఆవిరవుతూనే ఉంటుంది, నేనేమో బయట పలచటి స్వెట్టర్‌లో తిరుగుతున్నాను. సిలిండర్ ఖాళీ అంటావేమో, నీ నెత్తిమీద ఉన్న పొయ్యి నీ తోబుట్టువే. అదే గొట్టం, అదే గ్యాసు. టక్కున వెలిగి, కాఫీ కాచి, పిల్లలకి మ్యాగీ కూడా చేసిపెట్టింది.

నీ దగ్గరికి మేమేమీ గొంతెమ్మ కోరికలతో రాలేదు. టర్కీ కోడి మొత్తం నీలో పట్టదని ముందే తెలుసు. అందుకే బ్రెస్ట్ ముక్క ఒక్కటే తెచ్చాం. ఇంట్లో వాడే ట్రే 18 అంగుళాలు, అది పెడితే నీ తలుపు పడలేదు, బొటనవేలంత తేడా. సరేనని రేకు ట్రే కొని, అంచులు మడతపెట్టి, వంచి, బతిమాలి లోపలికి తోశాం. మాంసం నడిమధ్య 165 డిగ్రీలు వస్తే చాలు, అంతే మా కోరిక. నువ్వేం చేశావు? నీకు ఉన్నదల్లా అడుగు రేకు కింద ఒకే ఒక్క మంట వరస. ఆ వరసకి సరిగ్గా పైన ఉన్నంత మేరా బొగ్గు. ట్రే తిప్పి పెడితే అటువైపు కూడా బొగ్గు. పైన చర్మం మాత్రం కొట్లో ఎలా కొన్నామో అలాగే, తెల్లగా, తడిగా. లోపల థర్మామీటర్ గుచ్చితే 118. ఒకే ముక్క, అడుగున దహనసంస్కారం పూర్తయింది, మధ్యలో ఇంకా ప్రాణం ఉన్నట్టుంది! కిందా పైనా ఇద్దరు వండితే కూడా ఇంత తేడా రాదు.

పిజ్జా రాయి పెడితే వేడి సమంగా పాకుతుందని అనుభవజ్ఞులు చెబుతారు. బండి మీద బరువు పెరగకూడదని మేం సగం గిన్నెలు ఇంట్లోనే వదిలేసి వచ్చాం, ఇప్పుడు నీ కోసం రాళ్లు మొయ్యాలి. మైక్రోవేవ్ ఉందిగా అనకు. మేం బండి నిలిపిన సైటులో కరెంటు హుకప్ లేదు, జనరేటర్ వేసుకునే వేళ ఎప్పుడో దాటిపోయింది.

రాత్రి ఎనిమిదింటికి పక్క సైట్ పెద్దాయన మా వాసన చూసి తలుపు తట్టి, ఏమీ అడక్కుండా సగం ‘పంప్‌కిన్ పై’ (గుమ్మడికాయతో చేసే తీపి వంటకం) చేతిలో పెట్టాడు. ఆయన ఆర్‌వీలో కూడా ఓవెన్ ఉందట. ఏం వండుతారని అడిగితే, వాళ్లావిడ అందులో చెప్పులు పెట్టుకుంటుందన్నాడు.

పదిన్నరకి నేను చేతులెత్తేశాను. మా ఆవిడ నన్ను పక్కకి జరిపి, ఆ ముక్కలోంచి మాడింది గీకేసి, మిగతాది ముక్కలు కోసి, అల్లం వెల్లుల్లి, గరం మసాలా వేసి కుక్కర్లో పడేసింది. పైపొయ్యి మీదే, నీ తోబుట్టువు మీద. రాత్రి పది దాటాక క్యాంప్‌గ్రౌండ్‌లో చప్పుడు చెయ్యకూడదని రూలు. ఆ నిశ్శబ్దంలో, ఎడారి మధ్యలో, ప్రెజర్ కుక్కర్ మొదటి విజిల్ వేసింది. మేం నలుగురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఎక్కడో కుక్క మొరిగింది. రెండో విజిల్‌కి ఎదురు బండిలో లైటు వెలిగింది. మూడోది రాకముందే మంట తగ్గించి, ఆ తర్వాత పులిహోరకి ఎండుమిర్చి పోపు పెడితే పొగ అలారం అందుకుంది. సాయంత్రమంతా నువ్వు మాంసం కాల్చి బొగ్గు చేస్తే కిక్కురుమనలేదు అది! నాలుగు మిరపకాయలకి మాత్రం ఊరంతా లేపింది. అమ్మ పేపర్ ప్లేటు పెట్టి విసురుతూనే ఉంది.

కూర బాగా కుదిరింది. టర్కీకి ఇంత రుచి ఉంటుందని నాకు తెలీదు. అందులో నీ వాటా ఏమీ లేదు.

రేపు బండి అప్పగించేదాకా నీ ఉద్యోగం మార్చేస్తున్నాం. ఇందాక మా చెప్పులు పెట్టి చూశాను. అవి కూడా నిలువుగా పట్టలేదు, ఐమూలగా పెట్టాల్సి వచ్చింది.

ఇట్లు,
మోకాళ్లు దోక్కుపోయిన ఓ అద్దెదారు