ఈ సూది ఏం బాపతు?

ముగ్గులు వేయడానికి ధనుర్మాసం దాకా ఆగనక్కరలేదని చెన్నైలోని ఒక పెద్ద ఆసుపత్రి వారు కనిపెట్టారు. యాంటీబయాటిక్ మందులకు లొంగకుండా మొండికేసిన సూక్ష్మజీవుల గురించి ఏటా నవంబరు 18 నుంచి 24 వరకు ప్రపంచమంతటా అవగాహన వారోత్సవం జరుగుతుంది కనుక, ఆ మొండి జీవులను దారికి తేవడానికి ఆసుపత్రి ముందు హాల్లో ముగ్గుల పోటీ పెట్టడమే తగిన ఉపాయమని వారు తీర్మానించారు. ఆ ఉపాయం అమలైన రోజున నేను స్వయంగా అక్కడున్నాను. గూడూరు నుంచి రైలెక్కి వచ్చి చెన్నైలో వైద్యం చేయించుకోవడం మా వాళ్లకు తాతల నాటి అలవాటు. ఆ అలవాటు ప్రకారమే మా మేనమామ హెర్నియా ఆపరేషన్ చేయించుకుని రెండో అంతస్తులో మూడో రోజు గడుపుతున్నాడు.

ముందుగా ముగ్గు సంగతి చెప్పాలి. నిజానికి అది చాలా బాగుంది. పదడుగుల పొడవున సగం ఎరుపు, సగం తెలుపు రంగుల్లో ఒక క్యాప్సూలు. దాని కింద నలిగిపోతున్న సూక్ష్మజీవికి కొమ్ములు, కోరలు, బుగ్గమీసాలు, అచ్చం కడుతున్న ఇంటికి వేలాడదీసే దిష్టిబొమ్మ పోలిక. చుట్టూ బంతిపూల రేకులు. పైన తమిళంలోనూ ఇంగ్లీషులోనూ 'అవసరం లేని యాంటీబయాటిక్ వద్దు' అనే నినాదం. న్యాయనిర్ణేతలు ముగ్గురు అట్టలు పట్టుకుని, రంగుల పొందికకు ఇన్ని, సందేశానికి ఇన్ని అని మార్కులు వేస్తున్నారు. ముఖ్య అతిథి మైకు అందుకుని, మందులకు లొంగని బాక్టీరియా 2019లో నేరుగా బలిగొన్నవారు ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది అని, ఒక్క అంకె కూడా తడబడకుండా చదివారు. సరిగ్గా అప్పుడే, కింది అంతస్తులో కట్టు మార్పించుకుని చక్రాల కుర్చీలో తిరిగి వస్తున్న మామయ్యకు దారి మూసుకుపోయింది. లిఫ్టు ముగ్గుకు ఆవల ఉంది, మామయ్య ఈవల ఉన్నాడు. కుర్చీ తోసే కుర్రవాడు క్యాప్సూలు అంచు వెంబడి చక్రం పోనివ్వబోతే నలుగురు వాలంటీర్లు 'రంగు, రంగు' అంటూ అడ్డం పడ్డారు.

ఈలోగా పది గంటలైంది. పది గంటలంటే సూది వేళ. వేళ తప్పితే కేసు షీటులో ఒక గడి ఖాళీగా మిగిలిపోతుంది, గడి ఖాళీగా ఉండడాన్ని ఏ ఆసుపత్రీ సహించదు. అందుచేత సూళ్లూరుపేట నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న నర్సు, పాపం చిన్నపిల్ల, ట్రే పట్టుకుని మెట్లు దిగి వచ్చి, 'అవసరం లేని యాంటీబయాటిక్ వద్దు' అనే అక్షరాల పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, మామయ్య చేతికున్న క్యాన్యులా మూత తీసి, సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఒక గ్రాము నెమ్మదిగా ఎక్కించసాగింది. ఆ మందును గబగబా ఎక్కించకూడదు, రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధిలోనే ఫలితాలు ప్రకటించారు. క్యాప్సూలు ముగ్గుకు ప్రథమ బహుమతి. హాలంతా చప్పట్లతో మారుమోగింది. తాను కదలకుండా సూది వేయించుకున్నందుకే ఈ చప్పట్లు కాబోలనుకుని మామయ్య ఖాళీగా ఉన్న చేయి ఎత్తి అందరికీ నమస్కారం పెట్టాడు.

ఆ సూది అవసరమేనా అని వైద్యం తెలియని నాబోటివాడు అడగడం అపచారమే. అయినా పుస్తకాల్లో ఉన్నదాన్ని దాచలేం. ఇలాంటి శుభ్రమైన ఆపరేషన్‌కు కోత పెట్టే ముందు గంటలోపు ఒక్క మోతాదు, అదీ సెఫజోలిన్ లాంటి పాత మందు చాలు. ఆపరేషన్ ముగిశాక రోజుల తరబడి యాంటీబయాటిక్ కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. అదే సంస్థ 2017లో ఈ మందులను మూడు వరుసలుగా కూర్చోబెట్టింది: అందరికీ అందవలసినవి, కన్నేసి ఉంచవలసినవి, ఆఖరి అస్త్రంగా దాచుకోవలసినవి. సెఫజోలిన్‌ది మొదటి వరుస, సెఫ్‌ట్రయాక్సోన్‌ది రెండో వరుస. మామయ్యకు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చొప్పున ఐదు రోజులకు పది సూదులు రాశారు. కన్నేసి ఉంచడమంటే ప్రతి పూటా కళ్లారా చూస్తూ ఎక్కించడమని వారు అర్థం చేసుకున్నట్టున్నారు.

ఆపరేషన్ చేసిన డాక్టరుగారు మంచివారు, అడిగితే కోప్పడలేదు. "మన థియేటర్లు ఫారిన్ థియేటర్లు కావు కదండీ, సేఫ్టీకి వేస్తున్నాం" అన్నారు. ఈ వాదంలోని అందాన్ని పాఠకులు గమనించాలి. ఇల్లు కారుతోందని తెలిసినప్పుడు కప్పు నేయించరు. వచ్చిన ప్రతి చుట్టానికీ ఒక గొడుగు ఇచ్చి, దాని ఖరీదు చుట్టం దగ్గరే వసూలు చేస్తారు. రెండో అంతస్తు వార్డులో చేతులు కడుక్కునే తొట్టి పైన, ఎలా రుద్దుకోవాలో నేర్పే రంగుల బొమ్మల పట్టిక ఉంది. కింద సబ్బు పెట్టె ఉంది. నేను చూసిన ఐదు రోజులూ అది ఖాళీగానే ఉంది. కేసు షీటులో గడికి ఉన్న గౌరవం సబ్బు పెట్టెకు లేదు.

అయితే ఆ ఆసుపత్రిలో నియంత్రణ లేదంటే అన్యాయం చేసినట్టవుతుంది. పెద్ద మందు రాయాలంటే కారణం చూపే ఫారం ఒకటి నింపాలి. 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ కార్యాలయం, యాంటీబయాటిక్ రాసేటప్పుడు అది ఎందుకో కూడా చీటీలో తప్పనిసరిగా రాయాలని వైద్య కళాశాలల డాక్టర్లను కోరింది. మా ఆసుపత్రి వారు అంతకంటే ముందడుగు వేశారు. నర్సుల బల్ల మీద ఆ ఫారాల కట్ట నేను చూశాను. ఏనాడో ఎవరో ముత్యాల్లాంటి అక్షరాలతో కారణం గడిలో 'జ్వరం, ఇన్ఫెక్షన్ అనుమానం' అని రాసి సంతకం పెట్టారు. దానికే జిరాక్సులు తీసి, పేరూ మంచం నంబరూ మాత్రం ఖాళీగా వదిలారు. రోగి రాకముందే జ్వరం సిద్ధంగా ఉంటుంది. జీవితంలో ఎన్నడూ పొద్దున్నే కాఫీ మానని, ఆపరేషన్ తరువాత ఒక్క పూట కూడా ఒళ్లు వెచ్చబడని మా మామయ్య కాగితం మీద ఐదు రోజులు జ్వరంతో మూలిగాడు.

మామయ్య నలభై ఏళ్లు రైసు మిల్లులో గుమాస్తాగా చిట్టా, ఆవర్జా రాసిన మనిషి. పద్దు రాస్తే దానికొక బాపతు ఉండాలని, బాపతు లేని పద్దు దొంగపద్దని ఆయన నమ్మకం. నాలుగో రోజు రాత్రి సూది తెచ్చిన పిల్లను ఆపి, "ఏమ్మా, ఈ సూది ఏం బాపతు?" అని అడిగాడు. ఆ పిల్ల నవ్వి, "రొటీన్ తాతా" అంది. ఆమె తప్పేమీ లేదు. ఆమెకు అడిగే హక్కు లేదు, రాసినవారికి జవాబు చెప్పే అలవాటు లేదు, అడగడమే ఉద్యోగంగా ఉన్నవారు ముగ్గుకు మార్కులు వేస్తున్నారు. వీధి చివరి మందుల దుకాణం వాడు మాత్రం, 2014 మార్చి 1 నుంచి మందుల అమ్మకం నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 కింద, ఇలాంటి మందు అమ్మితే రాసిన డాక్టరు పేరు, కొన్న రోగి పేరు, ఎంత అమ్మాడో వేరే పుస్తకంలో ఎక్కించి మూడేళ్లు దాచాలి.

లిఫ్టులో ఇంకొక పోస్టరుంది. 'మీ ఇష్టానుసారం యాంటీబయాటిక్స్ వాడకండి' అని రోగి వైపు వేలు చూపిస్తూ ఒక డాక్టరమ్మ బొమ్మ. స్ట్రెచరు మీద స్పృహ లేకుండా పైకి వెళుతున్నవాడు కూడా ఆ వేలు కిందుగానే పోవాలి.

ఈ నగరం ఈ విషయంలో అమాయకురాలు కాదు. 2012 ఆగస్టులో దేశంలోని వైద్య సంఘాలు ఇక్కడే సమావేశమై, అందని ఆదర్శాలు కాక ఆచరణకు నిలిచే దారి కావాలని రాసుకున్న పత్రానికి పేరే చెన్నై డిక్లరేషన్. అంతకు ముందు, న్యూఢిల్లీ ఆసుపత్రిలో ఉండి వెళ్లిన ఒక రోగిలో 2008లో స్వీడన్ వారు బాక్టీరియాను యాంటీబయాటిక్ మందులకు లొంగకుండా చేసే ఒక కొత్త ఎంజైమును పట్టుకుని దానికి ఎన్‌డీఎం అని, అంటే న్యూఢిల్లీ పేరే పెట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకుడు మొదటి రచయితగా 2010లో వెలువడిన అధ్యయనం, అది చెన్నై రోగుల్లోనూ ఉందని చూపింది. అప్పుడు దేశమంతా భగ్గుమంది. బాక్టీరియా మీద కాదు, పేరు మీద. రాజధాని పరువు పోయిందన్నారు, విదేశీ కుట్ర అన్నారు. పేరు మారిస్తే రోగం పోయేటట్టయితే మనకు మందులతో పనేముంది?

ఆ పరువు లెక్కలు చూసుకున్న పెద్దలెవరైనా పసికందుల ఐసీయూ తలుపు దగ్గర ఒక రాత్రి నిలబడ్డారా? ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలను వెంటాడి చూసిన అధ్యయనం 2016లో వచ్చింది. రక్తంలో ఇన్ఫెక్షన్ సోకిన బిడ్డల్లో ఎక్కువ మందికి అది సోకింది పుట్టిన మూడు రోజుల్లోపే. ఆ ఇన్ఫెక్షన్లకు కారణమైన బాక్టీరియాల్లో అన్నింటికంటే ఎక్కువగా దొరికిన అసినెటోబాక్టర్‌లో నూటికి 82 పలు రకాల మందులకు లొంగనివి. మూడు రోజుల పిల్ల ఏ దుకాణానికి వెళ్లి చీటీ లేకుండా మందు కొనుక్కుంది? ఏ కోర్సు మధ్యలో ఆపేసింది? మనం 'సేఫ్టీకి' వేసిన ప్రతి గ్రామూ, నింపకుండా వదిలేసిన ప్రతి సబ్బు పెట్టే కలిసి పెంచి పోషించిన పురుగు, తల్లి పాలు కూడా సరిగ్గా ఎరగని ఆ నోటి దగ్గరికి చేరుతుంది. అప్పుడు డాక్టరు ఒక మందు తరువాత ఒకటి మార్చి, ఇక మార్చడానికి ఏదీ లేక బయటికి వస్తాడు. ఆ బిడ్డ తండ్రికి లిఫ్టులో పోస్టరు చూపించండి, చూద్దాం.

ఇదంతా చెబితే 'మనది పేద దేశమండీ' అంటారు. పేదరికం నిజమే. కార్బపెనెమ్‌లనే శక్తిమంతమైన యాంటీబయాటిక్ మందులకు కూడా లొంగని బాక్టీరియా సోకినవారిలో, మన దేశంతో కలిపి ఎనిమిది దేశాల్లో 2019లో సరైన మందు అందినది నూటికి ఏడుగురి లోపేనని లెక్క తేలింది. అక్కరలేని మామయ్యకు పది సూదులు, కావలసినవాడికి సున్నా; ఈ పంపకానికి పేదరికం అని పేరు పెట్టడం పేదలను అవమానించడమే. మొదటి సూదికి ముందు, సోకింది ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చర్‌కు రక్తం తీయడానికి రెండు నిమిషాలు చాలు. నలభై ఎనిమిది గంటల తరువాత ఒకరు మంచం దగ్గరికి వచ్చి 'ఇది ఇంకా ఎందుకు?' అని అడగడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. సూది మందు నుంచి మాత్రకు మార్చితే ఖర్చు తగ్గుతుందే గాని పెరగదు. ల్యాబు మాత్రం ఖర్చే, ఒప్పుకుంటాను. అందుకే మా ఆసుపత్రిలో అది సాయంత్రం మూతపడుతుంది, ఆదివారం తెరవదు. సూక్ష్మజీవులు కూడా ఆ వేళలే పాటిస్తాయని ఆశ కాబోలు.

మామయ్య ఐదో రోజు రాత్రి పదో సూదీ వేయించుకుని, మరునాడు ఇంకో ఐదు రోజులకు మాత్రలు పట్టుకుని బయటపడ్డాడు. నేనూ గూడూరు దాకా తోడు వెళ్లాను. రైలు కదలగానే సంచిలోంచి తన పుస్తకం తీసి బిల్లులోని పద్దులు దించుకోవడం మొదలుపెట్టాడు. గది బాపతు, ఆపరేషన్ బాపతు, కట్లు బాపతు. సూదులు పది అని రాసి, కలం పట్టుకుని నా వైపు చూశాడు.

"ఏం రాయమంటావురా?"

"ముగ్గు బాపతు అని రాయి మామయ్యా" అన్నాను.

"దానికి వాళ్లు విడిగా వేయలేదే" అంటూ కళ్లజోడు సర్దుకుని, బిల్లు మళ్లీ మొదటి కాగితం నుంచి వెతకసాగాడు.