పన్ను రసీదులో మన వీధి ఎక్కడ?

ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది ఆస్తి పన్ను ఒకేసారి కట్టేస్తే 5 శాతం రాయితీ ఇస్తారు. ఈసారి నేనూ ఆ రాయితీ కోసమే మా మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి కట్టి వచ్చాను. ఇంటికొచ్చాక రసీదు ఒకటికి రెండుసార్లు చదివాను. పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ 8 పైసలు చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకని అందరికీ తెలుసు. సకాలంలో జమ చేయడం లేదని ఎప్పుడూ గొడవలు నడుస్తూనే ఉంటాయి. ఆ గొడవ పెట్టుకోగలుగుతున్నామంటే కారణం, ఆ డబ్బుకు ఒక పేరు, ఒక చిరునామా ఉండటమే. మిగతా పన్నుకు అవి లేవు. మా వీధి చివర స్తంభానికి దీపం వెలగక నాలుగు నెలలైంది. దీపాల డబ్బు ఈ రసీదులో ఎక్కడుందని కౌంటర్లో అమ్మాయిని అడిగాను. "అన్నీ కలిపేనండి" అంది. పాపం, ఆమె మాత్రం ఏం చెప్పగలదు?

అన్నీ కలిపి అన్నచోటే మన డబ్బు మాయమవుతోంది. వీధి పనులకు, అగ్గి ఆర్పే ఏర్పాట్లకు కట్టే డబ్బు రసీదులో విడిగా కనబడాలి. విడి ఖాతాలో ఉండాలి. ఏ వార్డులో వసూలైందో ఆ వార్డులోనే ఖర్చు కావాలి. ఎంత వేయాలో, దేనికి వాడాలో ఆ వీధుల్లో ఉంటున్నవాళ్ళే తేల్చాలి. అలా చేస్తామంటే ఇప్పుడు కడుతున్న దానికన్నా కొంచెం ఎక్కువ కట్టడానికి కూడా నేను సిద్ధం. గోదావరి డెల్టాలో చాలామంది సిద్ధంగానే ఉంటారని నా నమ్మకం.

పాత కథ క్లుప్తంగా చెప్పుకుందాం. 2021 ఏప్రిల్ నుంచి మన మున్సిపాలిటీల్లో అద్దె విలువ పోయి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వచ్చింది. ఏడాదికి 15 శాతం మించి పెరగకుండా కట్టడి పెట్టారు. అదే ఏడాది చెత్త పన్ను వచ్చింది, 2024లో పోయింది. ఆ పన్ను జనానికి ఎందుకు గిట్టలేదు? డబ్బు ఎక్కువై మాత్రం కాదు. ఫంక్షన్ హాలుకు వేలు పోసేవాళ్ళు కూడా చెత్త పన్ను మీద గొంతెత్తారు. ఎవరినీ ఒక మాట అడక్కుండా అది పైనుంచి దిగింది. బండి రాని సందులోనూ వసూలుకు మాత్రం మనిషి వచ్చాడు. అందుకే మండింది. పన్ను రద్దయిందని సంబరపడ్డాం గానీ, అడిగి వేసి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న ఎవరూ వేసుకోలేదు.

అగ్గి సంగతికి వస్తాను. రెండేళ్ళ క్రితం మే నెలలో మా ఊరి కాలవ గట్టు మీద ఆరు పాకలు కాలిపోయాయి. మధ్యాహ్నం రెండు గంటల వేళ, పైగా వడగాలి. తాటాకు అంటుకుంటే ఎంతసేపు? 101కి ఫోన్ చేశాం. ఫైరింజన్ ఇరవై కిలోమీటర్ల అవతలి నుంచి రావాలి, గట్టు రోడ్డు మీద ఎదురుగా కొబ్బరి లోడు లారీ. అది వెనక్కి తగ్గి దారిచ్చేసరికి ఇక్కడ వాసాలు కూడా కూలిపోయాయి. వచ్చిన సిబ్బంది చెమటలు కక్కుతూ పని చేశారు, వాళ్ళను ఒక్క మాట అనను. నన్ను ఇప్పటికీ తొలిచేసేది వేరే సంగతి. ఆ పాకలు కాలవకు పది అడుగుల దూరంలో ఉన్నాయి, కాలవలో నీళ్ళు లేవు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు అయ్యాక మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు కదా, ఎండలు ముదిరి పాకలు కాలేది కూడా సరిగ్గా అప్పుడే. రెండు వీధుల అవతల మంచినీటి చెరువు మాత్రం నిండుగా ఉంది, కాలవలు కట్టేసే ముందే దాన్ని నింపుకుంటాం. ఒక డీజిల్ ఇంజను, మూడు వందల మీటర్ల పైపు, వాటిని నడపడం తెలిసిన నలుగురు కుర్రాళ్ళు ఉండుంటే ఆరింట్లో నాలుగైనా మిగిలేవి. ఆ చెరువు గట్టు మీద ఆ రోజు జనం బిందెలతో వరస కట్టారు. నేనూ ఉన్నాను.

మరి ఆ ఇంజను ఎవరు కొనాలి? 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు, రాష్ట్రాలు పట్టణాలకు అప్పగించదగ్గ 18 పనుల జాబితా ఇచ్చింది. అందులో ఏడోది అగ్నిమాపక సేవ. ముంబైలో ఆ దళం నగరపాలక సంస్థ చేతిలోనే ఉంది. మన దగ్గర అది రాష్ట్ర శాఖ. పంచాయతీలకు ఇచ్చిన 11వ షెడ్యూలు 29 అంశాల్లో అయితే అగ్గి మాటే లేదు. అగ్నిమాపక సేవల ఆధునికీకరణకు 2023లో కేంద్రం 5,000 కోట్ల పథకం పెట్టింది, అదీ రాష్ట్రాల ద్వారానే. పెద్ద బండ్లు, పెద్ద స్టేషన్లు తప్పకుండా రావాలి, వాటిని రాష్ట్రమే చూసుకోవాలి. కానీ మన నేల తీరు వేరు. పంటు దాటితే గానీ చేరలేని లంకలు, వరదకు మునిగే కాజ్‌వేలు, ఒక పక్క పంట కాలవ, మరో పక్క మురుగు కాలవ, మధ్యలో ఒక బండి పట్టే గట్టు. ఇలాంటి చోట మొదటి పావుగంట ఊరిదే. ఆ పావుగంటకు డబ్బు పెట్టమని మన చట్టాల్లో ఎవరికీ గట్టిగా చెప్పినట్టు లేదు.

ఇక్కడే నాకు నీటి తీరువా, అంటే పొలానికి వచ్చే కాలవ నీళ్ళకు కట్టే పన్ను, గుర్తొస్తుంది. నా వాదనకు వెన్నెముక అదే.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచి ఈ డెల్టా రైతుకు ఒక లెక్క ఒంటబట్టింది: నా పొలానికి నీళ్ళొస్తున్నాయి, నా పొలం విలువ పెరిగింది, అందుకు నేను ఎకరానికి ఇంత కట్టాలి. తొలి పంట సార్వాకు ఎకరానికి 200, దాళ్వాకు 150 అని ఊళ్ళో పెద్దగా చదువుకోని రైతు కూడా ఠక్కున చెబుతాడు. దేనికి కడుతున్నాడో తెలుసు, ఆ నీళ్ళు ఏ తూము నుంచి వస్తాయో తెలుసు, తూము తిప్పే లస్కరు ఇల్లూ తెలుసు. 1997లో రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం వచ్చి, ఆ కాలవ కింద భూమి ఉన్నవాళ్ళతోనే నీటి సంఘాలు పెట్టించింది. వసూలైన తీరువాలో కొంత ఆ కాలవ మరమ్మతుకే తిరిగి రావాలన్నది అందులోని అసలు ఆలోచన. ఒకే పొలానికి యజమాని, కౌలుదారు ఇద్దరూ ఉంటే కౌలుదారునే సభ్యుడిగా చూడమని కూడా ఆ చట్టం చెప్పింది. సేద్యం చేసేవాడిదే మాట అన్నమాట. 2024 డిసెంబరులో ఆ సంఘాలకు మళ్ళీ ఎన్నికలు కూడా జరిగాయి.

ఆ వ్యవస్థ సజావుగా నడుస్తోందని నేను అనను. తిరిగి రావాల్సిన డబ్బు సరిగా రాదు. గుర్రపుడెక్క పేరుకుపోయి మురుగు కాలవలు ఊపిరాడక ఉన్నాయి. తుఫాను వస్తే చేలు రోజుల తరబడి నీళ్ళలోనే నానుతున్నాయి. అయినా ఒకటి గమనించండి. సంఘం అధ్యక్షుడు టీ కొట్టు దగ్గర కనబడితే రైతు వదలడు, "ఏవండీ, ఈసారైనా తూడు తీయిస్తారా, మా పొలం మునగాల్సిందేనా?" అని పదిమందిలో నిలదీస్తాడు. తన డబ్బు ఏ పనికి కట్టాడో తెలుసు కాబట్టే ఆ గొంతు లేస్తుంది. అదే రైతు సాయంత్రం ఇంటికెళ్ళి, వీధిలో దీపం లేకపోయినా, కాలవ పొంగి గుమ్మంలోకి వస్తున్నా, కౌన్సిలర్‌ని అలా నిలదీయడు. "గవర్నమెంటు పని, ఎప్పుడో చేస్తారు" అనుకుని తలుపేసుకుంటాడు. పొలం గట్టు మీద ఉన్న పౌరుడు వీధిలోకొచ్చేసరికి ఏమైపోతున్నాడు? పొలానికి కట్టిన తీరువా అతన్ని హక్కుదారును చేసింది. ఇంటికి కట్టిన పన్ను ఆ పని చేయలేదు.

చట్టంలో చోటు లేదా అంటే, ఉంది. 1965 నాటి మన మున్సిపాలిటీల చట్టం ఆస్తి పన్నును సాధారణ పన్ను, నీరు–మురుగు పన్ను, దీపాల పన్ను, పారిశుద్ధ్య పన్ను అని విడగొట్టే ఏర్పాటు ఎప్పుడో చేసింది. విడగొట్టి లెక్క చూపించడం మనమే మానేశాం. ఆ వరసలో అగ్గిని చేర్చి, లెక్క వార్డువారీగా గోడ మీద రాయించడం శాసనసభకు పెద్ద పనేం కాదు.

మన డెల్టా పిల్లలు ఎంతోమంది ఉన్న కాలిఫోర్నియాలో 1996లో ఓటర్లు 218వ ప్రతిపాదనను నెగ్గించారు. ఒక వీధికో, ఒక పేటకో ప్రత్యేకంగా మేలు చేసే పనికి అక్కడి ఇళ్ళ యజమానుల మీద రుసుం వేయాలంటే ముందు వాళ్ళకు బ్యాలెట్ పంపాలి. వద్దన్నవాళ్ళ బరువు ఎక్కువైతే వేయకూడదు. అక్కడ ఇల్లు కొన్న మా బంధువుల అబ్బాయి ఒకసారి తన పన్ను బిల్లు చూపించాడు. దోమల నివారణకు ఒక గీత, దీపాలకు ఒక గీత. దోమలకు విడి లెక్క! కోనసీమలో పుట్టినవాడికి అది చూస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అయితే అక్కడి పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది. ఎవరు ఎక్కువ కట్టాలో వాళ్ళ ఓటుకు బరువెక్కువ. మన దగ్గర అది పనికిరాదు. కాలిపోయేవి కాలవ గట్టు పోరంబోకులోని పాకలు, వాళ్ళకు పట్టా లేదు. మేడ ఉన్నవాడి ఓటు పది, పాక ఉన్నవాడి ఓటు సున్నా అయితే ఇంజను మేడ పక్కనే నిలబడుతుంది. డబ్బు ఆస్తిని బట్టి వేయండి. ఓటు మాత్రం గడపకొకటి ఇవ్వండి, అద్దెకున్నా, గట్టు మీదున్నా.

పన్ను మీద పన్నా, ధరలతో చస్తుంటే ఇదొకటా అని అడిగేవాళ్ళున్నారు. రాష్ట్రం చేయాల్సిన పనిని జనం నెత్తిన రుద్దడం కాదా అంటారు మరికొందరు. మొదటివాళ్ళ బాధ నిజం. అందుకే పాకలు, చిన్న పెంకుటిళ్ళ మీద పైసా వేయొద్దంటాను. సంక్రాంతికి తప్ప తాళం తీయని మేడలు, కల్యాణ మండపాలు, రొయ్యల ప్లాంట్లు, షాపింగ్ కాంప్లెక్సులు మోయాలి. రెండోవాళ్ళకు నా జవాబు మే నెల మధ్యాహ్నం ఆ గట్టు మీద దొరుకుతుంది.

అసలు ఈ బాధంతా అగ్గి ఒక్కదానిదే కాదు. ఊరికి సొంత డబ్బు లేదు, అందుకే సొంత మాట లేదు. రిజర్వు బ్యాంకు 2024లో పంచాయతీల ఆర్థిక స్థితి మీద ఇచ్చిన నివేదిక చూస్తే, దేశంలో పంచాయతీల ఆదాయం వంద రూపాయలైతే సొంత పన్నుల వాటా దాదాపు రూపాయి. తొంభై అయిదు దాకా గ్రాంట్లే. ఇచ్చినవాడు మీట నొక్కితే ఆగిపోయే డబ్బు అది. ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద మళ్ళించినప్పుడు మన సర్పంచులు ఏం చేయగలిగారు? రోడ్డెక్కి భిక్షాటన చేశారు. జనం ఓట్లతో గెలిచిన మనిషి చిప్ప పట్టుకోవడం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. కోనసీమలోని పాశర్లపూడిలో 1995లో గ్యాస్ బావి 65 రోజులు మండింది. అక్కడే నగరం అనే ఊళ్ళో 2014 జూన్ 27న గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ నేల కింద తీసే గ్యాస్ మీద రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది. పైపు ఊరి మధ్యలోంచి పోతుంది. ఆ ఊరి పంచాయతీకి మాత్రం ఒక పంపు కొనుక్కునే సొంత పద్దు లేదు. రాయల్టీలో ఊరి వాటా అడగాల్సిందే, అది వేరే పోరాటం. కానీ మన పైసా మనం పెట్టి లెక్క అడగడం మొదలుపెడితే ఆ పోరాటానికి కూడా గొంతు వస్తుంది.

మా వీధి లెక్క వేసి చూశాను. మొత్తం 140 గడపలు. పాకలు, చిన్న ఇళ్ళు 40 తీసేస్తే వంద. సగటున నెలకు 30 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 36,000. పక్క నాలుగు వీధులూ కలిస్తే 1,80,000. ఇంజను, పైపులు రెండేళ్ళలో వచ్చేస్తాయి, వీధి దీపాల మరమ్మతుకూ మిగులుతుంది. మొన్న ఈ కాగితం పట్టుకెళ్ళి గట్టు మీద మళ్ళీ పాక వేసుకున్న ఒక పెద్దావిడకు చదివి వినిపించాను. అంతా విని, "మరి నన్నెందుకు తీసేశావు బాబూ, నేను పది రూపాయలు ఇవ్వలేనా? ఇంజను ఎక్కడ పెట్టాలో నేనూ చెప్పాలి కదా" అంది. కాగితంలో ఆమె పేరు ఇప్పుడు రాసుకున్నాను. వచ్చే వార్డు సభలో దీన్ని చదువుతాను.