బ్యాటరీ అల్లుడిగారికి అత్తగారి ఉత్తరం

అల్లుడుగారికి,

మీరు మా ఇంట కాలుపెట్టి ఎనిమిది నెలలైంది. మా అసలల్లుడికి కూడా ఇంత మర్యాద జరగలేదు (ఆయన చదివితే చదవనీండి). రోజూ సాయంత్రం మా అబ్బాయి మిమ్మల్ని కరెంటు స్కూటర్ సీటు కిందనుంచి పైకి తీసి, చంటిపిల్లాడిలా పొదువుకుని నాలుగు అంతస్తులు మోసుకొస్తాడు. పాల ప్యాకెట్ తెమ్మంటే మాత్రం వాడికి నడుంనొప్పి. హాల్లో వీధి తలుపు పక్కనే, చెప్పుల స్టాండుకి ఆనుకుని మీ ఆసనం. ఇంటికి ఉన్న దారి అదొక్కటే. మీకు కోపమొస్తే మేం మిమ్మల్ని దాటుకునే బయటపడాలి.

మీ వంశం కోపం సంగతి తెలియనిది కాదు. 2022 ఏప్రిల్‌లో మీవాళ్లు విజయవాడలో ఒకింటి పడగ్గదిలో, నిజామాబాద్‌లో ఇంకో ఇంటి హాల్లో, చార్జింగ్‌లో ఉండగానే పేలారు. రెండిళ్లలోనూ ప్రాణం పోయింది. "అయితే సెల్లార్లో పడుకోబెడదాం" అన్నారు మావారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఈ-స్కూటర్ల షోరూంలో మంటలు లేస్తే, పొగ మెట్లదారిన పైనున్న లాడ్జిలోకి పాకి 8 మంది పోయారు. మా మెట్లూ సెల్లార్ నుంచే మొదలు. మావారు మళ్లీ ఆ మాటెత్తలేదు.

మీది ఉమ్మడి కుటుంబం. లోపల సెల్ పక్కన సెల్. ఒకదానికి ఒళ్లు కాలితే పక్కదానికి అంటిస్తుంది, అది ఇంకోదానికి. మండే గ్యాసు మీలోంచే పుడుతుంది కాబట్టి దుప్పటి కప్పితే ఆరిపోయే రకం కాదు. పొగ కనబడితే అందరం బయటికొచ్చి, తలుపు లాగేసి, 101కి ఫోన్ చేయడమే. మా వాడేమో "టెన్షన్ పడకమ్మా" అంటూ, ఎండలో తిప్పి తెచ్చి ఒళ్లు చల్లారకముందే మీకు భోజనం పెట్టేస్తాడు. అదీ సగం ధరకొచ్చిందని తెచ్చిన చార్జర్‌తో, రాత్రి 11 నుంచి తెల్లారేదాకా. ఏ అల్లుడైనా ఉబ్బుతాడు.

నిజంగా ఉబ్బారో, మిమ్మల్ని నొక్కను, పొడవను, చార్జింగ్ అసలే పెట్టను. సర్వీసు వాళ్లకి కబురుపెట్టి అప్పగిస్తాను. అలక పాన్పు మా ఇంట్లో లేదు.

ఆ సగం ధర చార్జర్ నిన్ననే పారేశాను. వాడికింకా తెలీదు. ఇకమీదట కంపెనీ చార్జరే. మీ పడక బాల్కనీలో, ఎండ తగలని మూల, గచ్చు మీద. ముట్టుకుంటే చల్లగా తగిలాకే భోజనం, అదీ పొద్దున్న 6కి. ఆ వేళకి స్టవ్ మీద పాలు పెట్టి నేనెలాగూ కాపలా కాస్తుంటాను. ఒక కన్ను పాల మీద, ఒక కన్ను మీ మీద.

ఇట్లు,
మీ అత్తగారు