మా వీధికి ట్రైనింగ్ ఎందుకు సామీ?

ఆస్ట్రేలియాలో బెట్టీ కిచెనర్ అని ఒక నర్సు, ఆమె భర్త ఆంథొనీ జోర్మ్ అని ప్రొఫెసరు, ఇద్దరూ కుక్కని వాకింగ్‌కి తీసకపోతా మాట్లాడుకున్నారంట, దెబ్బ తగిలినోడికి కట్టు కట్టడం మామూలు జనాలకి నేర్పిస్తా ఉన్నాం కదా, మనసు చెదిరినోడి దగ్గర ఎట్లా ఉండాలో ఎందుకు నేర్పించకూడదు అని. అట్లా 2000లో మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ అనే కోర్సు పెట్టారు, మొదట 9 గంటలు, తర్వాత 12 గంటలు చేశారు. పాపం వాళ్లకి మా తిరుపతి సంగతి తెలీదు, ఇక్కడ ఆ పని 12 సెకన్లలో అయిపోతాది.

మా వీధిలో ఒక పిల్లోడు రెండేళ్లుగా గ్రూప్స్‌కి చదవతా చదవతా నెల నించి తిండి లేదు నిద్ర లేదు, ఫోన్‌కి చార్జింగ్ కూడా పెట్టడంలేదు, దాంతో కేసు సీరియస్ అని మా అరుగు కమిటీకి అర్థమైపోయింది. వెంటనే చికిత్స మొదలు. పెద్దాయన "రాగి సంగటి తిని చేలోకి పోతే ఇవన్నీ ఉండవు రా" అన్నాడు. రిటైర్డ్ సారు బెంగుళూరులో ఉండే తన మేనల్లుడి జీతం చెప్పి ధైర్యం నింపాడు. ఎదురింటి అత్త ఎండు మిరపకాయలతో దిష్టి తీసింది, ఒక్కరికీ ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిదే అని తేల్చింది. నేను అలిపిరి మెట్లు ఎక్కమన్నా, 3550 మెట్లు, నేను ఎక్కి పదేళ్లయింది అనేది వేరే విషయం.

వాడు అన్నిటికీ తల ఊపినాడు. తగ్గిపోయింది అనుకున్నాం.

మధ్యలో టీ బంకు అన్న దూరినాడు. ఎప్పుడో ఆటో స్టాండులో ఎవరో ఇదే ట్రైనింగ్ ఇస్తా బెంచీలు అడిగితే, బెంచీలతో పాటు తనూ పోయి కూర్చున్నాడంట, అదీ ఆయన అర్హత. పిల్లోడికి టీ ఇచ్చి పక్కన కూర్చుని ముప్పావుగంట ఒక్క సలహా కూడా ఇవ్వలా, ఊ కొడతా విన్నాడంతే, పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలా. తర్వాత మెల్లిగా "చచ్చిపోదామనిపిస్తా ఉందా అబ్బోడా?" అని సూటిగా అడిగేశాడు! అంత మాట అడగొచ్చా, లేని ఆలోచన పుట్టించినట్టు కాదా అని మేం మీద పడితే, అడిగితే పుట్టదు సామీ, అడిగేవాళ్లు లేకపోతేనే లోపల పెరగతాది అని మాకే క్లాసు. పిల్లోడు ఏడ్చేశాడు. మేం అన్ని చికిత్సలు చేసినా రాని ఏడుపు.

అప్పుడే 14416కి ఫోన్ కలిపిచ్చాడు, టెలి మానస్ అని మనసు బాగలేనోళ్ల కోసం హెల్ప్‌లైన్ అంట, 2022 అక్టోబర్‌లో కేంద్రం పెట్టింది, ఫ్రీ, రాత్రీ పగలూ ఎత్తతారు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదల్లేదు. పొద్దున్నే, టీకి జనం ఎగబడే టైములో, బంకు మూసి స్కూటర్ మీద పెద్దాసుపత్రికి డాక్టరు దగ్గరికి తీసకపోయాడు. ఆరోజు మాకెవరికీ టీ లేదు, దీన్ని కమిటీ తీవ్రంగా ఖండించింది.

ఇప్పుడు వాడు రోజూ సాయంత్రం ఆ బెంచీ మీద కనిపిస్తాడు, మందులు వాడతా ఉన్నాడు, ఫోన్‌కి చార్జింగ్ కూడా ఉంటోంది. మా అరుగు ముందు నించి మాత్రం రావడంలేదు, పక్క సందులోంచి చుట్టూ తిరిగి పోతా ఉన్నాడు. ఎందుకో కమిటీ విచారిస్తా ఉంది.