‘మూడేళ్లు కట్టకుంటే అప్పు రద్దు’ అన్నవాళ్ల మాట వినకండి

“రికవరీ ఏజెంటు ఇంటికి రావడమే నేరం. ఫోనెత్తకండి, సిమ్ మార్చేయండి. చెక్కు బౌన్సయినా జైలుండదు. మూడేళ్లు దాటితే అప్పు రద్దు.” వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ సలహాలో ఒక్క ముక్కా నిలవదు.

ఏజెంటు రావడం నేరం కాదు. వచ్చి ఏం చేశాడన్నదే ముఖ్యం. 2022 ఆగస్టు 12 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ బకాయిల కోసం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయొద్దంది. బూతులు, బెదిరింపులు, నలుగురిలో పరువు తీయడం, చుట్టాలనూ స్నేహితులనూ వేధించడం నిషిద్ధం. ఏజెంటు చేసినదానికి బ్యాంకుదే బాధ్యత. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే వేళలు 9 నుంచి 6 దాకానే. వసూలు ముందు అనుకున్న చోటే జరగాలి, వరసగా రెండుసార్లు మీరు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావాలి. వచ్చినవాణ్ని గుమ్మంలోనే ఆపి ఐడీ కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడగండి. డబ్బు లోన్ ఖాతాకే కట్టండి. అతని సొంత ఫోన్‌పేకి వేశాక అది ఖాతాలో పడకపోతే నిరూపించుకునే తిప్పలు మీవే.

సిమ్ మార్చడం అన్నిటికన్నా చెడ్డ సలహా. వేధింపు కాల్స్ రికార్డులే మీ సాక్ష్యం. నోటీసులూ తప్పిపోతాయి. ఇల్లు తాకట్టులో ఉంటే సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం) కింద 60 రోజుల నోటీసు వస్తుంది. మీరు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనానికి దిగితే డీఆర్‌టీకి (అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు) వెళ్లడానికి మీకుండేది 45 రోజులు. దాక్కుంటే గడువు ఆగదు.

చెక్కు సంగతి. ఈఎంఐ కట్టలేకపోవడం నేరం కాదు, “రేపే అరెస్టు” అనే మెసేజ్ ఉత్త బెదిరింపు. చెక్కు బౌన్సు మాత్రం నేరమే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే కేసు పడుతుంది: రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొచ్చినా 2007 నాటి చెల్లింపుల చట్టం సెక్షన్ 25 కింద ఇలాంటి కేసే.

మూడేళ్లకు పోయేది దావా వేసే హక్కు, అప్పు కాదు. ప్రోనోట్లు నడిచే ఊళ్లలో ఇది అందరికీ తెలుసు: గడువు తీరేలోపు ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు (అంత కట్టినట్టు రాత) రాయిస్తారు, మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. బ్యాంకుకు బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టినా అంతే. స్థిరాస్తి తాకట్టు మీద వసూలుకైతే గడువు 12 ఏళ్లు.

వేధింపు నిజమైతే తేదీ, వేళ, నంబరు రాసి ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబరు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) పెట్టండి, రుసుము లేదు. సందేహాలకు 14448. చాలామంది బ్యాంకుకు చెప్పకుండా నేరుగా అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్తారు, ఫిర్యాదు తిరిగొస్తుంది. కొడతామన్నా, లోన్ యాప్‌వాళ్లు మార్ఫింగ్ ఫొటోలు పంపినా ఆ 30 రోజులు ఆగనక్కర్లేదు, ఆ రోజే పోలీసు స్టేషన్‌కు వెళ్లండి.